పన్నెండు నిమిషాల ఓడ: రోజలీ మోలర్ దగ్గరికి డైవ్ చేయడం ఎలా

మునిగిపోయిన సరుకు ఓడ రోజలీ మోలర్ పొడవు 108 మీటర్లు. ఈజిప్టు వైపు ఎర్ర సముద్రంలో, గుబాల్ దీవి దగ్గర, అడుగున ఇసుక మీద నిటారుగా కూర్చుని ఉంది. ఒక్క సిలిండర్‌తో దిగే మామూలు డైవర్‌కి దాని డెక్ మీద దొరికేది పన్నెండు నిమిషాలు. అదీ అన్నీ కలిసొస్తేనే.

మొదటిసారి దిగేటప్పుడు నాకీ లెక్క తెలుసు. తెలిసి కూడా ఓడంతా చుట్టేద్దామనుకున్నాను. ముందు భాగం కొంత, మధ్యలో గదులు కొంత, చేపల గుంపు కొంత. పడవెక్కాక మా బడ్డీ, అంటే నీళ్ళలో నాకు జంటగా దిగే డైవర్, "ఏం చూశావ్?" అంటే చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. లోతు తెచ్చే మత్తు జ్ఞాపకాన్ని కూడా కొంత తినేస్తుంది. మర్నాడు మళ్ళీ దిగాం. ఈసారి ముందు డెక్ తప్ప ఇంకేం చూడకూడదని ఒప్పందం. లంగరు గొలుసు లాగే యంత్రం, దాని మీద కదలకుండా కూర్చున్న లయన్ ఫిష్, యంత్రం సందుల్లో మిలమిలలాడే గాజుచేపలు ఇప్పటికీ నాకు కళ్ళకు కట్టినట్టు ఉన్నాయి.

అందుకే ఈ డైవ్‌లో మొదటి పని నీళ్ళలో కాదు, ఇంట్లో కూర్చుని చేయాలి. ఓడలో దేన్ని చూడకుండా వదిలేస్తారో ముందే తేల్చుకోండి. మిగతాదంతా దాని తర్వాతే.

ఏ ఓడ దగ్గరికి వెళ్తున్నారో తెలుసుకోండి

ఇది 1910లో గ్లాస్గోలో కట్టిన ఆవిరి ఓడ. మొదట దాని పేరు ఫ్రాన్సిస్. 1931లో మోలర్ కంపెనీ కొన్నాక రోజలీ మోలర్ అయింది. యుద్ధం వచ్చేసరికి ముసలి ఓడే, అయినా అప్పగించిన పని బొగ్గు మోయడం కాబట్టి వయసును ఎవరూ పట్టించుకోలేదు. మధ్యధరా సముద్రం మీద జర్మనీ, ఇటలీల పట్టు బిగిసి ఉండటంతో బ్రిటిష్ సరుకు ఓడలు ఆఫ్రికాను చుట్టి ఎర్ర సముద్రం గుండా పైకి రావాల్సి వచ్చేది. రోజలీ మోలర్ కూడా డర్బన్ మీదుగా అలాగే వచ్చింది. 4,680 టన్నుల బొగ్గు అలెగ్జాండ్రియాకు చేర్చాలి. సూయెజ్ కాలువలోకి వెళ్ళే వంతు కోసం గుబాల్ దగ్గర లంగరేసుకుని ఎదురుచూస్తోంది.

దానికి కొద్ది దూరంలో, షాబ్ అలీ దిబ్బ దగ్గర, థిసిల్‌గార్మ్ అనే కొత్త ఓడ కూడా అలాగే ఆగి ఉంది. అందులో మోటార్‌సైకిళ్ళు, లారీలు, రైఫిళ్ళు, రెండు రైలింజన్లు, ఇంకా పేలుడు సామగ్రి. 1941 అక్టోబర్ 6న అర్ధరాత్రి దాటాక జర్మన్ హైంకెల్ విమానాలు దాని మీద బాంబులు వేశాయి. మందుగుండు అంటుకుని ఓడ వెనక భాగం చీలిపోయింది, తొమ్మిది మంది చనిపోయారు. రెండు రాత్రులు గడిచాక, అక్టోబర్ 8న, రోజలీ మోలర్ వంతు వచ్చింది. ఇక్కడ ఇద్దరు పోయారు. బొగ్గు పేలదు కాబట్టి ఓడ ముక్కలవలేదు, ఉన్నది ఉన్నట్టుగానే మునిగింది. మీరు చూడబోయే ఓడ ఇంత నిండుగా మిగలడానికి అదొక కారణం. రెండో కారణం లోతు. ఎక్కువ మంది డైవర్లు అక్కడిదాకా దిగరు, అందుకే దాన్ని పాడుచేసే చేతులు కూడా తక్కువ.

ఆ సరుకుల కోసం ఈజిప్టులో ఎదురుచూసిన సైన్యంలో మన 4వ ఇండియన్ డివిజన్ జవాన్లు కూడా ఉన్నారు. థిసిల్‌గార్మ్ మునిగిన సరిగ్గా ఆరు నెలలకు, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు వైజాగ్ మీద బాంబులు వేశాయి. ఊరు ఖాళీ చేసి పారిపోయిన కథలు మన తాతమ్మల దగ్గర వినే ఉంటారు. అందుకే ఈ ఓడల కథ నాకు మరీ పరాయిదిగా అనిపించదు.

మీరు సిద్ధమేనా అని ముందే చూసుకోండి

ఇక్కడ కొంచెం కఠినంగా మాట్లాడక తప్పదు. ఓపెన్ వాటర్ కోర్సు మిమ్మల్ని 18 మీటర్ల దాకా తీసుకెళ్తుంది, అడ్వాన్స్‌డ్ 30 దాకా. రోజలీ మోలర్ డెక్కే సుమారు 35 మీటర్లలో ఉంది, ఇసుక దాదాపు 50లో. అంటే 40 మీటర్లకు అనుమతి ఇచ్చే డీప్ స్పెషాల్టీ కోర్సు లేకుండా ఇక్కడ దిగకూడదు. మామూలు గాలి కంటే ఆక్సిజన్ ఎక్కువ కలిపిన నైట్రాక్స్‌తో దిగే కోర్సు కూడా ఉండాలి. అది ఎందుకో కింద చెప్తాను.

సర్టిఫికెట్ కార్డు ఉన్నంత మాత్రాన సరిపోదు. మనవాళ్ళలో చాలామంది అండమాన్‌లోనో, నేత్రాణిలోనో, పుదుచ్చేరిలోనో కోర్సు చేసి, ఏడాదికి ఒక ట్రిప్పులో నాలుగైదు డైవ్‌లు వేస్తారు. ఆ లెక్కన లాగ్‌బుక్‌లో యాభై డైవ్‌లు కనిపించేసరికి పదేళ్ళు గడుస్తాయి, చేతికి మాత్రం అలవాటు రాదు. నా మాట ఏమిటంటే యాభై డైవ్‌లు ఉండాలి, వాటిలో కనీసం పది 25 మీటర్లు దాటినవై ఉండాలి, చివరి డైవ్ వేసి ఆరు నెలలు మించకూడదు. వైజాగ్ తీరంలో డైవ్ చేసినవాళ్ళకు ఒక మేలుంది. మసక నీళ్ళు వాళ్ళకు కొత్త కాదు. రోజలీ మోలర్ దగ్గర నీళ్ళు చాలాసార్లు మసకగానే ఉంటాయి. ఎర్ర సముద్రం అనగానే గాజులాంటి నీళ్ళు ఊహించుకుని వచ్చినవాళ్ళు అక్కడే కంగారుపడతారు.

బీపీ, ఆస్తమా, గుండె విషయాలు డాక్టర్‌తో మాట్లాడే రండి. దాచిపెట్టి ఫారం నింపడం మనకి అలవాటైన పనే గానీ ఇది చేయకూడని చోటు.

గాలి లెక్క కాగితం మీద వేయండి

ఈ భాగం బోరు కొట్టొచ్చు. అయినా పెన్ను తీసుకోండి.

నీళ్ళ పైన మీరు నిమిషానికి 20 లీటర్ల గాలి పీలుస్తారనుకుందాం. ప్రతి 10 మీటర్లకు ఒక బార్ ఒత్తిడి పెరుగుతుంది. నీళ్ళ పైన ఉండే ఒక బార్‌తో కలిపి 35 మీటర్లలో మొత్తం ఒత్తిడి 4.5 బార్. అంటే అదే ఊపిరికి అక్కడ నిమిషానికి 90 లీటర్లు ఖర్చవుతుంది. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ ఉంటే మొత్తం 2,400 లీటర్లు. భాగించి చూస్తే ఇరవై ఆరు నిమిషాలు వస్తాయి కదా, మరి పన్నెండే అంటారేంటి అని అడగొచ్చు.

ఆ గాలంతా మీది కాదు. సగం దాకా మీ బడ్డీకి, ఇద్దరూ పైకి చేరడానికి కేటాయించినది. డెక్ మీద ఉండగా బడ్డీకి సిలిండర్ గాలి అందించే రెగ్యులేటర్ పాడైందనుకోండి. ఇద్దరూ మీ సిలిండర్‌తోనే పైకి రావాలి, ఇద్దరూ భయంలో ఉంటారు. మనిషికి 30 లీటర్లు వేసుకుంటే నిమిషానికి 60. కింద ఒక నిమిషం తడబాటుకి 60 ఇంటూ 4.5, అంటే 270 లీటర్లు. 35 నుంచి 5 మీటర్ల దాకా నిమిషానికి 9 మీటర్ల చొప్పున పైకి రావడానికి మూడున్నర నిమిషాలు, సగటు ఒత్తిడి 3 బార్, కాబట్టి 630. అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాల ఆగడానికి ఇంకో 270. చివరి అయిదు మీటర్లకు 75. కలిపితే 1,245 లీటర్లు. 12 లీటర్ల సిలిండర్‌లో అది 104 బార్.

అంటే మీ గేజ్ 105 చూపించగానే డైవ్ అయిపోయినట్టే. పైకి బయల్దేరాలి. 50 బార్‌తో పడవెక్కాలి అనే పాత మాట 12 మీటర్ల పగడాల దిబ్బకు సరిపోతుంది, ఇక్కడ కాదు. మిగిలిన 95 బార్‌లో కిందికి దిగడానికి 110 లీటర్లు పోతే, డెక్ మీదకు మిగిలేది పదకొండున్నర నిమిషాలు.

15 లీటర్ల సిలిండర్ అద్దెకు దొరుకుతుంది, డబ్బుకి చూసుకోకుండా తీసుకోండి. దాంతో వెనక్కి తిరగాల్సిన అంకె 83 బార్, నేనైతే 90 అని పెట్టుకుంటాను. అయితే సిలిండర్ పెద్దదైనంత మాత్రాన సమయం పెద్దగా పెరగదు, ఎందుకంటే రెండో గడియారం ఒకటి నడుస్తూ ఉంటుంది. గాలితో డైవ్ చేసేటప్పుడు 35 మీటర్లలో, డీకంప్రెషన్ స్టాపులు (ఒంట్లో చేరిన నైట్రోజన్ బయటికి పోవడానికి పైకి వచ్చే దారిలో తప్పనిసరిగా ఆగడాలు) అక్కర్లేకుండా, డైవింగ్ శిక్షణ సంస్థ పాడీ టేబుల్ ఇచ్చేది 14 నిమిషాలు. 40 మీటర్లకైతే 9. ఆ 14లో కిందికి దిగే రెండు నిమిషాలు కూడా కలిసే ఉన్నాయి. తీసేస్తే మళ్ళీ పన్నెండే. రెండు లెక్కలూ వేరువేరు దారుల్లో వచ్చి ఒకే చోట కలుస్తున్నాయి చూడండి. పెద్ద సిలిండర్ వల్ల వచ్చేది ఎక్కువ సమయం కాదు, తక్కువ టెన్షన్.

మీ సొంత ఊపిరి అంకె తెలియకపోతే ముందు డైవ్‌లలో కనుక్కోండి. ఒకే లోతులో పది నిమిషాలు ఉండి, ఎన్ని బార్ తగ్గిందో రాసుకుని, సిలిండర్ లీటర్లతో గుణించి, పది నిమిషాలతోనూ ఆ లోతు ఒత్తిడితోనూ భాగిస్తే వస్తుంది. కొందరికి 15, కొందరికి 25. బడ్డీతో పోటీ పడి తక్కువ పీల్చాలని ఊపిరి బిగపట్టకండి. దానివల్ల తలనొప్పి వస్తుంది, గాలి మాత్రం మిగలదు.

నైట్రాక్స్ శాతం మీరే అడగండి

ఎర్ర సముద్రం పడవల మీద నైట్రాక్స్ అంటే అలవాటుగా 32 శాతం ఆక్సిజన్ నింపుతారు. థిసిల్‌గార్మ్‌కి అది చక్కగా సరిపోతుంది. రోజలీ మోలర్‌కి సరిపోదు. ఆక్సిజన్ పాక్షిక ఒత్తిడి, అంటే మొత్తం ఒత్తిడిలో ఆక్సిజన్ వాటా, 1.4 బార్ దాటకూడదు అనే నియమం ప్రకారం 32 శాతంతో వెళ్ళగలిగేది 33 మీటర్ల దాకానే. డెక్ దాని కింద ఉంది. ఆ హద్దు దాటితే ఆక్సిజనే విషమై నీళ్ళలో మూర్ఛ రావచ్చు, ముందస్తు హెచ్చరిక ఉంటుందన్న నమ్మకం లేదు.

అందుకే ముందు రోజు సాయంత్రమే గైడ్‌ని పిలిచి "రేపటికి 28" అని చెప్పండి. 28 శాతంతో హద్దు 40 మీటర్లు. నైట్రోజన్ తగ్గడం వల్ల 35 మీటర్లలో ఉన్నా శరీరానికి గాలితో 31 మీటర్లలో ఉన్నట్టే లెక్క. సిలిండర్‌ని మీ చేత్తో మీరే అనలైజర్ పెట్టి కొలవండి, టేపు మీద శాతం, లోతు రాయండి, చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటర్‌లో అదే అంకె పెట్టండి. ఒకసారి నాకు 28 అని ఇచ్చిన సిలిండర్ 31 చూపించింది. ఎవరినీ తప్పు పట్టక్కర్లేదు, పొద్దున ఆరింటికి ఇరవై సిలిండర్లు నింపే మనిషికి జరిగేదే. కొలవకుండా దిగితే మాత్రం తప్పు మనది.

మత్తుకి ముందే జవాబు పెట్టుకోండి

30 మీటర్లు దాటాక నైట్రోజన్ మత్తు దాదాపు అందరికీ ఎంతో కొంత ఉంటుంది. "నాకేం కాలేదు" అనేవాళ్ళకి తెలియదంతే. నాకు అది నవ్వులా రాదు, మొండితనంలా వస్తుంది. ఒకే గేజ్‌ని మూడుసార్లు చూసి మూడుసార్లూ అంకె మర్చిపోవడం, పిలుస్తున్న బడ్డీ మీద చిరాకుపడటం.

దీనికి తోడు గాలి చిక్కదనం. 31 మీటర్ల దగ్గర గాలి లీటరుకి 5.2 గ్రాములకు చేరుతుంది, 39 దగ్గర 6.2. మొదటిది దాటకపోతే మంచిదని చెప్పే హద్దు, రెండోది దాటకూడదని చెప్పే హద్దు. చిక్కటి గాలిని లాగి వదలడం ఊపిరితిత్తులకు బరువు పని. సరిగా వదలకపోతే కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, మత్తు రెట్టింపవుతుంది, భయం మొదలవుతుంది. కాబట్టి డెక్ మీద గబగబా ఈదొద్దు. ప్రవాహానికి ఎదురు వెళ్ళాల్సి వస్తే ఆ వైపు వదిలేయండి. ఊపిరి వేగం పెరిగిందనిపిస్తే ఒక రెయిలింగ్ నీడలో ఆగి, నెమ్మదిగా, పూర్తిగా వదలండి.

మేం వాడే పరీక్ష చాలా తేలిక. నేను కొన్ని వేళ్ళు చూపిస్తాను, బడ్డీ దానికి ఒకటి కలిపి చూపించాలి. మూడుకి నాలుగు. ఆలస్యమైనా, తప్పు చెప్పినా, ఇద్దరం అయిదు మీటర్లు పైకి వెళ్తాం. లోతు తగ్గగానే మత్తు దిగిపోతుంది. ఇందులో వాదన ఉండకూడదని ఒడ్డునే మాట్లాడుకోండి, ఎందుకంటే మత్తులో ఉన్న మనిషి వాదిస్తాడు.

వాంతుల మాత్ర గురించి కూడా ఇక్కడే చెప్పాలి. పడవ ఊగుతుందని తొలిసారి అక్కడే మాత్ర వేసుకోవద్దు. కొన్ని మాత్రలు నిద్రమత్తు తెస్తాయి, ఈ మత్తుకి ఆ మత్తు తోడవుతుంది. ఇంట్లో ఒక సెలవు రోజు వేసుకుని ఎలా ఉందో చూసుకోండి.

పడవ, కాలం, కాగితాలు

ఈజిప్టులోని హుర్ఘదా నుంచి బయల్దేరే ఉత్తర ఎర్ర సముద్రం లైవబోర్డ్‌ల (రోజుల తరబడి అందులోనే ఉండి డైవ్ చేసే పడవల) ట్రిప్పుల్లో ఈ ఓడ ఉంటుంది, కానీ గాలి బలంగా ఉంటే, గుంపులో అనుభవం లేనివాళ్ళు ఉంటే దాన్ని వదిలేస్తారు. బుక్ చేసేటప్పుడే అడగండి. చలికాలంలో నీళ్ళు 21, 22 డిగ్రీలకు పడిపోతాయి, 5 మిల్లీమీటర్ల సూటు, తలకి హుడ్ కావాలి. చలి కూడా గాలి ఖర్చు పెంచుతుంది. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి మే, జూన్, లేదా సెప్టెంబర్, అక్టోబర్ అంటాను.

పడవని ధర చూసి ఎంచుకోవద్దు. 2024 నవంబర్‌లో ఎర్ర సముద్రంలోనే ఒక లైవబోర్డ్ తెల్లవారుజామున బోల్తాపడి పర్యాటకులు చనిపోయారు. ఎక్కగానే మీ గదిలో లైఫ్ జాకెట్ ఎక్కడుందో చూడండి, రెండో దారి ఏదో అడిగి చీకట్లో ఒకసారి నడిచి చూడండి. ఆక్సిజన్ కిట్ చూపించమని అడగండి. అడిగినందుకు మొహం ముడుచుకునే పడవ అయితే దాని గురించి మీకు తెలియాల్సింది తెలిసినట్టే.

ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో స్కూబా ఉందా, ఏ లోతు దాకా అన్న చిన్న అక్షరాలు చదవండి. చాలా పాలసీలు 30 దగ్గర ఆగిపోతాయి. డైవర్ల కోసమే ఉన్న డాన్ లాంటి బీమా తీసుకోవడం మేలు, డైవింగ్ జబ్బుకి ఒత్తిడి పెంచి వైద్యం చేసే రీకంప్రెషన్ ఛాంబర్ బిల్లు సొంతంగా కట్టే పని కాదు.

ముందు థిసిల్‌గార్మ్‌లో రిహార్సల్

లైవబోర్డ్‌లు సాధారణంగా రెండు ఓడలూ కలిపే తిప్పుతాయి. థిసిల్‌గార్మ్ ముందు రోజు పడేలా ఉంటే అదృష్టం. దాని అడుగు 30 మీటర్లు, ముందు డెక్ పదహారు దాకా. అందరూ మోటార్‌సైకిళ్ళ కోసం గదుల్లోకి దూరతారు. మీరు కూడా చూడండి, చూడకపోతే ఎలా. కానీ ఒక డైవ్‌ని మాత్రం రిహార్సల్‌గా వాడండి. అడుగున పడి ఉన్న రైలింజన్ దగ్గరో, ప్రొపెల్లర్ దగ్గరో పన్నెండు నిమిషాలే ఉండి, 105 బార్ రాకముందే వెనక్కి తిరగండి. వేళ్ళ పరీక్ష చేయండి. పైకి వచ్చేటప్పుడు పడవ నుంచి ఓడకి కట్టిన తాడు వదిలేసి ఎస్‌ఎంబీ (మీరెక్కడున్నారో పడవకి చూపించే గాలి నింపిన గొట్టం) పంపండి. నారింజ రంగు గొట్టం మెలికలు పడకుండా పైకి వెళ్ళిందా, రీలు చేతిలో ఇరుక్కుందా అన్నది ఇక్కడే తేలాలి.

ఏమీ తీయొద్దు, తాకొద్దు. 1955 ప్రాంతంలో ఫ్రెంచ్ సముద్ర అన్వేషకుడు కూస్తో ఇక్కడికి వచ్చి గంట, ఒక మోటార్‌సైకిల్ పైకి తీసుకెళ్ళాడు. ఆయన తర్వాత వచ్చిన ఎందరో డైవర్లు అదే దారి పట్టారు. ఇవాళ ఆ లారీల్లో, బైకుల్లో కనిపించే లోట్లు తుప్పు ఒక్కదాని పనే కాదు.

దిగే రోజు

పొద్దున మొదటి డైవ్‌గానే పెట్టుకోండి. ముందు రాత్రి సరిగా నిద్రపోండి, నీళ్ళు బాగా తాగండి, పార్టీ ఇంకో రోజు చేసుకోవచ్చు.

బ్రీఫింగ్‌లో గైడ్ గీసే బొమ్మని, నీళ్ళలో రాసుకోవడానికి తీసుకెళ్ళే మీ స్లేట్ మీద కూడా గీయండి. మన తీరం జాలర్లు పడవ ముందు కొనని అణియం అనీ, వెనక కొనని అమరం అనీ అంటారు. నేను స్లేట్ మీద అవే రాసుకుంటాను, చిన్న మాటలు, చలికి వణికే చేత్తో కూడా రాయొచ్చు. తాడు ఓడలో ఎక్కడ కట్టి ఉందో తెలుసుకోండి. మీరు చూసే భాగం ఆ తాడుకి దగ్గర్లోదే కావాలి. తాడు అణియం వైపు ఉంటే అమరం కోరిక ఆ రోజుకి మానుకోవాలి. వంద మీటర్ల దూరం మసక నీళ్ళలో ఈదుతూ పోతే పన్నెండు నిమిషాలు దారిలోనే అయిపోతాయి.

తాడు పట్టుకునే దిగండి. అయిదు మీటర్ల దగ్గర ఒకసారి ఆగి, ఒకరి సిలిండర్ నుంచి ఒకరు బుడగలు కారుతున్నాయేమో చూసుకోండి. ఇరవై దాటాక ఓడ స్తంభం (మాస్ట్) పైభాగం నీలంలోంచి బయటికి వస్తుంది. అక్కడ ఆగి మళ్ళీ ఓకే అడగండి, చెవులు, గేజ్, మనసు మూడూ బాగుంటేనే కిందికి. బాగోకపోతే స్తంభం చుట్టూ ఉండే చేపలతోనే డైవ్ అంతా గడిపేయొచ్చు, అదేమీ తక్కువ డైవ్ కాదు. వేటకొచ్చే ట్యూనాలు, జాక్ చేపలు అక్కడే కనిపిస్తాయి. గాజుచేపల మేఘం మీదకి అవి దూసుకురావడం, మేఘం తెర జరిగినట్టు విడిపోవడం ఎంతసేపు చూసినా విసుగు రాదు.

డెక్ మీదకి చేరగానే గడియారం చూసి, స్లేట్ మీద బార్ రాయండి. జ్ఞాపకం మీద ఆధారపడకండి. ప్రతి రెండు నిమిషాలకు గేజ్, ప్రతి నాలుగింటికి వేళ్ళ పరీక్ష. డెక్‌కి ఒక మీటర్ పైనే తేలుతూ ఉండండి, ఫిన్స్‌తో మడ్డి లేపొద్దు.

సరుకు గదుల మూతలు తెరిచే ఉంటాయి. లైటు వేసి లోపలికి చూడండి, బొగ్గు ఇంకా అలాగే ఉంది. ఎనిమిది దశాబ్దాలకు పైగా ఎవరూ దించుకోని సరుకు. సింగరేణి ఊళ్ళలో పెరిగినవాళ్ళకు ఆ కుప్ప చూస్తే ఏదోలా ఉంటుంది. లోపలికి మాత్రం వెళ్ళొద్దు. ఓడ లోపలి డైవింగ్ వేరే శిక్షణ, దానికి దారి చూపే తాడు, అదనపు సిలిండర్, అదనపు లైట్లు ఉండాలి. ఇంజిన్ గది తలుపు ఎంత పిలిచినా, ఒక్క ఫిన్ దెబ్బకి లేచే నల్లటి మడ్డిలో వచ్చిన దారే కనపడదు.

ప్రొపెల్లర్ సంగతి. ఫొటోల్లో చూసి అందరికీ అదే కావాలి. అది 40 మీటర్ల కింద ఉంది. ఒక్క సిలిండర్ డైవర్ల హద్దుకి అవతల. "రెండు నిమిషాలే కదా, దిగి వచ్చేద్దాం" అని ఎవరైనా సైగ చేస్తే తల అడ్డంగా ఊపండి. 28 శాతం నైట్రాక్స్‌తో అక్కడికి దిగడమంటే మత్తు, ఆక్సిజన్, గాలి మూడింటితో ఒకేసారి పందెం కట్టడం. నిజంగా కావాలంటే టెక్నికల్ కోర్సులు చేసి, జంట సిలిండర్లతో, హీలియం కలిపిన ట్రైమిక్స్‌తో, డీకంప్రెషన్ ప్లాన్‌తో ఇంకో ఏడాది రండి. ఓడ ఎక్కడికీ పోదు.

మీరు రాసుకున్న అంకె రాగానే బొటనవేలు పైకి చూపండి. బడ్డీ ఇంకా ఫొటో తీస్తున్నా సరే. మొదట చూపినవాళ్ళ మాటే చెల్లుతుంది. తాడు దొరికితే తాడు, దొరక్కపోతే వెతకడానికి ఒక్క నిమిషం కూడా ఖర్చు చేయకుండా ఉన్నచోటి నుంచే పైకి బయల్దేరి ఎస్‌ఎంబీ వదలండి. జోడియాక్ (చిన్న రబ్బరు పడవ) వాళ్ళు దాన్ని చూసి వస్తారు. నిమిషానికి 9 మీటర్లకు మించకుండా, చివరి అయిదు మీటర్లు ఇంకా నెమ్మదిగా. కంప్యూటర్ ఏమీ అడగకపోయినా అయిదు మీటర్ల దగ్గర నేను మూడుకి బదులు అయిదు నిమిషాలు ఉంటాను. గాలి ఉంది కదా, దాని కోసమే మిగుల్చుకున్నాం.

పైకి వచ్చాక

పడవ నిచ్చెనని సిలిండర్‌తో బరువుగా ఎక్కొద్దు, సామాను పడవ వాళ్ళకి అందించండి. గంటసేపు బరువులు ఎత్తడం, వేడినీళ్ళ స్నానం వద్దు. కీళ్ళ నొప్పి, దురద, చేతుల్లో తిమ్మిరి, మామూలు కంటే ఎక్కువ నీరసం ఉంటే "అలసటలే" అని పడుకోకండి. అప్పటికప్పుడు గైడ్‌కి చెప్పి ఆక్సిజన్ పెట్టించుకోండి. సిగ్గుపడి గంటలు గడిపేసినవాళ్ళని చూశాను, వాళ్ళకి తర్వాత వైద్యం కష్టమైంది.

విమానం విషయంలో కనీసం 18 గంటలు ఆగాలంటారు. రోజుల తరబడి లోతు డైవ్‌లు వేశాక నేను 24 పెట్టుకుంటాను. హుర్ఘదా నుంచి కైరోకి ఎగిరే చిన్న విమానం కూడా ఈ లెక్కలోకే వస్తుంది, హైదరాబాద్ టికెట్ మాత్రమే చూసుకుని ఇది మర్చిపోతారు. చివరి రోజు ఊరికే ఖాళీగా పెట్టుకోండి, బజారులో తిరగండి.

లాగ్‌బుక్ మాత్రం ఆ మధ్యాహ్నమే రాయండి, రాత్రికి సగం గుర్తుండదు. దిగినప్పటి బార్, డెక్ చేరినప్పటి బార్, తిరిగినప్పటిది, పడవెక్కినప్పటిది. వేళ్ళ పరీక్షలో ఎవరెంత తడబడ్డారో కూడా. వాటి కింద ఒక గీత గీసి, ఈసారి చూడనివి రాసుకోండి. నా పుస్తకంలో ఆ గీత కింద ఇప్పటికీ "అమరం" అనే ఉంది.